నాలుగేళ్ల మెకానిక్ ఎవరికి కావాలి, ఆర్మీకా, కాంట్రాక్టర్‌కా?

నమస్తే బల్లార్షా, నమస్తే రాజురా, సిరోంచా! పోయిన వీడియో కింద ఒక తమ్ముడు రాశాడు, "అన్నా, అగ్నివీర్ టెక్నికల్‌కు నాలుగేళ్లు చాలవా, పానా తిప్పడానికి ఇంకెన్నేళ్లు కావాలి?" అని. అది చదివాక నాకు అన్నం సహించలేదు.

ఆర్మీలోకి అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం గొడవ మీకు తెలిసిందే. 2022 జూన్‌లో ప్రకటించారు, నాలుగేళ్ల నౌకరి, నూటికి 25 మందిని మించి ఉంచుకోరు, మిగతావాళ్ల చేతిలో 11.71 లక్షల సేవానిధి పెట్టి ఇంటికి పంపుతారు. రైఫిల్ పట్టే జవాన్ గురించి టీవీల్లో చాలామంది అరిచారు, నేను అరవను. నేను అడిగేది ఆర్మీలో రిపేర్లు చూసే ఈఎంఈ విభాగం మెకానిక్ గురించి, అంటే ట్యాంకులు, డోజర్లు, రికవరీ బండ్లు బాగుచేసేవాడి గురించి. వాడు పని నేర్చుకున్న రోజే వాణ్ని గేటు బయట పెడుతున్నారు. మళ్ళీ చెప్తున్నా, నేర్చుకున్న రోజే!

"ఐటీఐ చేసే కదన్నా పోతారు" అంటారు. ఐటీఐలో ఏముంటుందో మనకు తెలియదా? స్టాండ్ మీద సగం కోసిన ఇంజిన్, ఎర్ర రంగు, నీలం రంగు, చేత్తో తిప్పితే పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. ఆర్మీ ట్యాంక్ టీ-72 అంటే 41 టన్నుల బండి. 780 హార్స్‌పవర్ వీ-12 డీజిల్ ఇంజిన్‌ను అందులో అడ్డంగా పెట్టారు. కొత్త ఇంజిన్‌ను క్రేన్‌తో దింపుతుంటే పక్కనున్న గేర్‌బాక్స్‌తో సరిగ్గా లైన్‌లో కూర్చోబెట్టాలి, చెయ్యి పట్టని సందులో చెయ్యి పెట్టి కొలత చూడాలి, కొంచెం తేడా ఉన్నా గేర్లు తినేస్తుంది. అది పుస్తకం చూస్తే రాదు, పెద్ద ఉస్తాద్ పక్కన నిలబడి తిట్లు తింటే వస్తుంది.

ఇక లద్దాఖ్ చూడండి. 2020లో ట్యాంకులను పైకి ఎక్కించారు. ఆ చలికి మామూలు డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టర్లు మూసుకుపోతాయి, అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిల్ తెచ్చింది. పైన గాలి పలచన, ఇంజిన్‌కు దమ్ము చాలదు, పొగ నల్లగా వస్తుంది. మరి ఆ నలుపు ఎత్తు వల్ల వచ్చిందా, ఇంజెక్టర్ పోవడం వల్ల వచ్చిందా? కొన్ని చలికాలాలు అక్కడ గడిపినవాడికే తెలుస్తుంది. నాలుగేళ్లలో ట్రైనింగ్ పోగా, సెలవులు పోగా, వాడికి ఎన్ని చలికాలాలు మిగులుతాయి?

ఇంకో మాట. మన దగ్గర సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి ఆర్మీ అంటే మురిసిపోతారు, మెకానిక్ అనగానే "అంటే గ్యారేజా?" అంటారు. అయ్యా, వాడికీ రైఫిల్ ఇస్తారు, ఫైరింగ్ నేర్పుతారు! దెబ్బతిన్న బండిని వెనక్కి లాక్కురావడానికి అందరికంటే ముందు పోవాల్సిందీ వాడే. పిల్లనివ్వండి.

సరే, ఇప్పుడు నా థియరీ, తిట్టేవాళ్లు తిట్టుకోండి. సాస్తి, పౌని ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల వైపు పోయి చూడండి. మట్టి తీసే కాంట్రాక్టర్ల డంపర్లు, ఎక్స్‌కవేటర్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి, వాళ్లకు మంచి డీజిల్ మెకానిక్ దొరకడం లేదు. క్రమశిక్షణ ఉన్నవాడు, యూనియన్ అననివాడు, ఇరవై రెండేళ్లవాడు, పెద్ద ఇంజిన్ విప్పి బిగించినవాడు, పైగా ట్రైనింగ్ ఖర్చు సర్కారుది! ఇంతకంటే ఏం కావాలి? పంట చేతికొచ్చే వేళకు చేను పక్కోడికి రాసిచ్చినట్టు లేదూ? కావాలనే చేశారని నేను అనడం లేదు, లాభం మాత్రం ఎవరికో మీరే చూడండి.

"కేంద్ర పోలీసు బలగాల్లో రిజర్వేషన్ ఉంది కదా" అంటారా? అక్కడ టీ-72 ఉందా? ట్యాంక్ ఇంజిన్ కూర్చోబెట్టినవాణ్ని తీసుకెళ్లి గేటు దగ్గర డ్యూటీ వేస్తే ఆ విద్య ఏమవుతుంది? ఈఎంఈకి ఈ 25 శాతం లెక్క తీసేయండి. అది కుదరదంటే సరిహద్దు రోడ్లు వేసే బీఆర్వోలో వెహికల్ మెకానిక్ పోస్టులున్నాయి, కొండల్లో డోజర్లు అక్కడా ఆగిపోతాయి, బయటికొచ్చిన వాళ్లందరినీ మళ్ళీ పరీక్ష పెట్టకుండా నేరుగా అందులోకి తీసుకోండి. మొదటి బ్యాచ్ 2023 జనవరిలో ట్రైనింగ్ మొదలుపెట్టింది, లెక్క మీరే వేసుకోండి, టైమ్ ఎక్కడుంది?