రాజ్యాంగ సభలో గోండికి చోటు అడిగిన రోజు

అందరికీ నమస్కారం. ఎన్నికలయ్యాక కొత్త ఎంపీలు ప్రమాణం చేసే రోజు నేను టీవీ ముందు నుంచి కదలను. ఎవరు ఏ భాషలో ప్రమాణం చేస్తారో చూడటం నాకు చాలా ఇష్టం. మనవాళ్లెవరైనా లేచి తెలుగులో చదివితే ఆ అర నిమిషం గుండె నిండిపోతుంది. అంత పెద్ద సభలో మన మాట వినపడింది కదా అని.

ఈ అవకాశం మనకు ఊరికే రాలేదు. దాని వెనక పెద్ద గొడవ ఉంది. ఈ రోజు ఆ గొడవ గురించి, అందులో మాట నెగ్గని ఒక మనిషి గురించి చెప్తాను.

1946కి వెళ్దాం. రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్న సభ్యులు రాజ్యాంగం రాయడానికి డిసెంబర్ 9న ఢిల్లీలో మొదటిసారి కూర్చున్నారు. ముస్లిం లీగ్ సభ్యులు రాలేదు. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు, దేశం ఒకటిగా ఉంటుందో లేదో తెలియదు. అలాంటి సమయంలో, రెండో రోజే, భాష దగ్గర పేచీ మొదలైంది.

సభా నియమాలు తయారు చేయడానికి ఒక కమిటీ వేద్దామని చర్చ నడుస్తోంది. యునైటెడ్ ప్రావిన్సెస్, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఆర్.వి. ధూలేకర్ లేచి హిందుస్తానీలో, అంటే హిందీ, ఉర్దూ కలగలిసిన భాషలో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ నియమాలు ఇంగ్లిష్‌లో కాదు, హిందుస్తానీలో రాయాలని ఆయన సవరణ. సభలో చాలామందికి హిందుస్తానీ రాదండీ అని తాత్కాలిక అధ్యక్షుడు సచ్చిదానంద సిన్హా గుర్తు చేశారు. దానికి ధూలేకర్ ఏమన్నారో తెలుసా? హిందుస్తానీ రానివాళ్లకు ఈ దేశంలో ఉండే హక్కు లేదన్నారు. ఆ భాష రానివాళ్లు ఈ సభలో సభ్యులుగా ఉండటానికి తగరు, వెళ్లిపోవడమే మంచిదన్నారు. చివరికి నెహ్రూ వెళ్లి నచ్చజెప్పి ఆయన్ను కూర్చోబెట్టాల్సి వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. అదే సభలో మద్రాసు నుంచి, అస్సాం నుంచి వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. స్వాతంత్ర్యం కోసం జైళ్లకు వెళ్లొచ్చినవాళ్లు. వాళ్ల ముఖం మీదే ‘మీరు వెళ్లిపోండి’ అన్న మాట. ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నాకు మనసు చివుక్కుమంటుంది.

నెల దాటాక, 1947 జనవరిలో, నెహ్రూ ఇదే సభలో ఒక మాట చెప్పారు. మన మొదటి పని దేశాన్ని స్వతంత్రం చేయడం, ఆకలితో ఉన్నవాళ్లకు తిండి పెట్టడం, ఒంటి మీద గుడ్డ లేనివాళ్లకు గుడ్డ ఇవ్వడం అని. దేశానికి ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఇంకేముంటుంది? అయినా ‘మనం ఎవరం’ అన్న ప్రశ్న ఆగలేదు. ఆగదు కూడా. తిండీ గుడ్డా ఎవరికి ఇవ్వాలో చెప్పాలన్నా ‘మనం’ అంటే ఎవరో ముందు తేలాలి కదా.

ఆ ప్రశ్న బాగా వేడెక్కింది 1949 సెప్టెంబర్ 12 నుంచి 14 వరకు. మూడు రోజులు. భాష మీద వచ్చిన సవరణలే మూడు వందలకు పైగా. హిందీని అధికార భాషగా ఒప్పుకోవడానికి చాలామంది సిద్ధంగానే ఉన్నారు. మరి గొడవ ఎక్కడొచ్చిందంటే, అంకెల దగ్గర! మన ఫోన్‌లో, నోట్ల మీద రోజూ చూసే 1, 2, 3 ఉండాలా, దేవనాగరి అంకెలు ఉండాలా అని.

ఇక్కడ మన తెలుగావిడ గురించి చెప్పాలి. దుర్గాబాయి. తర్వాతి రోజుల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు టికెట్ లేదని నెహ్రూనే ప్రదర్శన గేటు దగ్గర ఆపిన పద్నాలుగేళ్ల అమ్మాయి ఈవిడే. ఆ వయసులోనే ఆడపిల్లలకు హిందీ నేర్పడానికి బడి పెట్టారు. ఎవరూ బలవంతం చేయలేదు. దేశం మీద ప్రేమతో నేర్చుకున్నారు, నేర్పారు.

అలాంటి మనిషి 1949లో సభలో లేచి ఏం చెప్పారంటే... ఈ శతాబ్దం మొదట్లో మేమంతా ఎంతో ఉత్సాహంగా హిందీ నేర్చుకున్నాం, ఈ రోజు ఆ ఉత్సాహానికే వ్యతిరేకంగా జరుగుతున్న గొడవ చూసి దిగ్భ్రాంతి కలుగుతోందన్నారు. హిందీవాళ్లు మితిమీరి పట్టుబడితే మిగతావాళ్లు దూరమవుతారన్నది ఆవిడ బాధ. గమనించండి, ఈ మాట అన్నది హిందీకి శత్రువు కాదు. హిందీ కోసం చిన్నతనం ధారపోసిన మనిషి. అందుకే ఆ మాటకు అంత బరువు. ఇష్టంగా ఇచ్చినదాన్ని హక్కుగా లాక్కోబోతే ఇచ్చిన చెయ్యి వెనక్కి పోతుంది. ఇంట్లో జరిగేదీ అదే కదా.

చివరికి రాజీ కుదిరింది. దేవనాగరి లిపిలో హిందీ కేంద్ర ప్రభుత్వానికి అధికార భాష, అంకెలు మాత్రం అంతర్జాతీయ రూపంలో, ఇంగ్లిష్ మరో పదిహేనేళ్లు. ‘జాతీయ భాష’ అన్న మాట మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. పద్నాలుగు భాషలతో ఎనిమిదో షెడ్యూలు, అంటే రాజ్యాంగం చివర భాషల జాబితా వచ్చింది. అందులో తెలుగు ఉంది. పార్లమెంటులో మనవాళ్లు తెలుగులో ప్రమాణం చేయడానికి దారి ఇక్కడి నుంచే.

ఇక మాట నెగ్గని మనిషి. జైపాల్ సింగ్. ముండా ఆదివాసీ, ఇప్పటి జార్ఖండ్‌లోని ఛోటా నాగ్‌పూర్ వాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత హాకీ జట్టుకు కెప్టెన్. ఈయన సభలో తనను తాను జంగ్లీనని, అంటే అడవి మనిషినని గర్వంగా చెప్పుకున్నారు. ఆదివాసీలకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్నారు. భాషల చర్చ వచ్చినప్పుడు ఒక చిన్న కోరిక కోరారు: షెడ్యూలులో ముండారీ, ఒరావ్, గోండి అనే ఆదివాసీ భాషలు కూడా చేర్చండి అని.

చేర్చలేదు.

గోండి పేరు వినగానే మన ఆదిలాబాద్ గుర్తురావాలి. జోడేఘాట్, కొమురం భీమ్ గుర్తురావాలి. కానీ అప్పుడు గోండి కోసం లేచింది మనవాళ్లు కాదు. హైదరాబాద్ సంస్థానానికి రాజ్యాంగ సభలో సభ్యులే లేరు. అంటే ఆదిలాబాద్ తరఫున మాట్లాడటానికి ఆ సభలో ఒక్క గొంతూ లేదు. ఎక్కడో ఛోటా నాగ్‌పూర్ నుంచి వచ్చిన మనిషి మన అడవిలో మాట్లాడే భాష కోసం అడిగాడు. ఇది తెలిసిన రోజు నాకు సిగ్గేసింది, దాచుకోను.

ఆ రోజు షెడ్యూలులో సంస్కృతానికి చోటిచ్చారు. అది సరైన పనే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ 2011 జనాభా లెక్కల్లో సంస్కృతం మాతృభాష అని చెప్పినవాళ్లు పాతిక వేల లోపు, గోండి అని చెప్పినవాళ్లు 29 లక్షల మంది. అప్పటి పద్నాలుగు భాషలు ఇప్పుడు ఇరవై రెండయ్యాయి. 2003లో సంతాలీ, బోడో, డోగ్రీ, మైథిలీ చేరాయి. గోండి ఇంకా చేరలేదు. జైపాల్ సింగ్ అడిగిన మిగతా రెండూ చేరలేదు.

రాత లేని భాష కదా అనేవాళ్లుంటారు. 1940లలోనే హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయి ఊళ్లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించాడు, గోండిలో వాచకాలు తయారు చేయించాడు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పాత రాతప్రతులు దొరికాయి, వాటిలో గోండికి సొంత లిపే ఉంది. 2018లో ఆ గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే అ, ఆలతో సహా ఆ లిపిలో ప్రతి అక్షరానికీ కంప్యూటర్లో ఇప్పుడు సొంత నంబర్ ఉంది.

ఆదిలాబాద్ లోక్‌సభ సీటు ఎస్టీ రిజర్వుడు. అక్కడి నుంచి ఒక గోండు బిడ్డ ఎంపీగా గెలిచి ఢిల్లీ వెళ్తే, ప్రమాణం రోజు ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఒకటో, ఇంగ్లిషో ఎంచుకోవాలి. అమ్మ నేర్పిన భాషలో ప్రమాణం చేసే వీలు లేదు. తెలుగు విన్నప్పుడు నాకు నిండినట్టు, ఆ ఊళ్లో టీవీ ముందు కూర్చున్న అమ్మకు గుండె నిండే అవకాశం లేదు.

మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది వెళ్తారు. షెడ్యూలులో ఒక భాష చేర్చాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, దానికి బిల్లు కావాలి. ఆ బిల్లు ఏ సభ్యుడైనా సొంతంగా ప్రవేశపెట్టొచ్చు. మీ ఎంపీ ఏ పార్టీ అయినా సరే, ఈసారి మీ ఊరికి వచ్చినప్పుడు గోండి సంగతి అడగండి. నేనూ మా ఎంపీకి ఉత్తరం రాశాను. జవాబు వస్తే ఇక్కడే చదివి వినిపిస్తాను.