లారీ గుద్దింది ఒక చోట, కేసు ఇంకో చోట: సుప్రీంకోర్టు రాసిన ఆ ఒక్క వాక్యం మన కొంప ముంచుతుంది!

నమస్తే అండీ. ఇవాళ సుత్తి లేదు, నేరుగా పాయింటుకి వస్తాను. సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో సరైన ఆర్డరే ఇచ్చింది. కానీ అందులో ఒక్క వాక్యం ఉంది. రేపు లారీ కింద భర్తను పోగొట్టుకున్న ఆవిడ శ్రీకాకుళంలో వేసిన కేసును ఎత్తుకెళ్లి ఉత్తరప్రదేశ్‌లో పడేయడానికి ఆ వాక్యం చాలు. ఎక్కువ చేసి చెబుతున్నానా? చూడండి, చూశాక తిట్టండి.

2023 ఆగస్టులో "హిందీ జాతీయ భాష" అని సుప్రీంకోర్టు అన్నదని గొడవ జరిగింది, గుర్తుందిగా. అందరూ భాష పట్టుకుని కొట్టుకున్నాం, మీమ్‌లు వేసుకున్నాం, పడుకున్నాం. అసలు ఆ కేసు దేని గురించో ఎంతమంది చదివారు? అది భాష కేసు కాదండీ. బండి గుద్దిన కేసు. ఏ ఊరి కోర్టు వినాలి అన్న కేసు.

ప్రమాదం జరిగింది పశ్చిమ బెంగాల్, సిలిగురిలో. బాధితుల వైపు వాళ్లు నష్టపరిహారం కేసు వేసుకున్నది ఉత్తరప్రదేశ్, ఫతేగఢ్‌లో. బండి ఓనరు సుప్రీంకోర్టుకెళ్లి, ప్రమాదం మా దగ్గర జరిగింది, సాక్షులందరూ సిలిగురి వాళ్లే, ఫతేగఢ్‌లో హిందీలో వాళ్లేం చెబుతారు, కేసును డార్జిలింగ్ ట్రిబ్యునల్‌కి, అంటే అక్కడ ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టుకి, మార్చండి అన్నాడు. జస్టిస్ దీపాంకర్ దత్తా కుదరదన్నారు. ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలన్న నిర్బంధం చట్టంలో లేదు, ఎక్కడ వేయాలో ఎంచుకునే హక్కు బాధితులది అన్నారు.

శభాష్! అక్కడ పెన్ను మూసేసి ఉంటే నేను ఈ వీడియో చేసేవాణ్ణే కాదు.

మూయలేదు. భాష సంగతికొచ్చి ఏం రాశారంటే, దేశంలో కనీసం 22 అధికార భాషలున్నాయి, అయినా హిందీ జాతీయ భాష కాబట్టి ఓనరు తెచ్చే సాక్షులు ఫతేగఢ్‌లో హిందీలో చెప్పుకోగలరని ఆశిస్తాం అని. పైగా కేసును డార్జిలింగ్‌కి మారిస్తే బాధితులే బెంగాలీలో చెప్పుకోలేక నష్టపోతారని కూడా.

ఇప్పుడు ఈ బొమ్మను తిరగేయండి. శ్రీకాకుళం మనిషి కాన్పూర్ దగ్గర రోడ్డు పని చేస్తుంటే లారీ గుద్ది చనిపోయాడు అనుకుందాం. భార్య శ్రీకాకుళంలో కేసు వేసింది. లారీ ఓనరు ఢిల్లీ వెళ్లి, అయ్యా నా సాక్షులకు తెలుగు రాదు అన్నాడు. ఆ వాక్యం పట్టుకుంటే ఏమవుతుంది? సిలిగురి సాక్షికి హిందీ రావాలి, ఎందుకంటే జాతీయ భాష. కాన్పూర్ సాక్షికి తెలుగు రావాలా? అక్కర్లేదు, ఎందుకంటే తెలుగు జాతీయ భాష కాదు. అంటే హిందీ ఊళ్లో కేసు వేసినవాడికి ఉన్న రక్షణ తెలుగు ఊళ్లో కేసు వేసిన ఆవిడకి లేదు! నా బాధంతా ఇదే. చట్టం ఇద్దరికీ ఒకటే హక్కు ఇచ్చింది. ఈ వాక్యం ఆ హక్కుకి భాషను కాపలా పెట్టింది.

కామెంట్లలో "హిందీ జాతీయ భాషే కదా" అంటూ వచ్చే ఒక అన్నయ్య కోసం ఇప్పుడే చెప్పేస్తున్నా. రాజ్యాంగంలో "జాతీయ భాష" అన్న మాటే లేదు. 343వ అధికరణంలో ఉన్నది కేంద్రానికి అధికార భాష. గుజరాత్ హైకోర్టు కూడా 2010లోనే హిందీని జాతీయ భాషగా ప్రకటించిన దాఖలా ఏదీ లేదని చెప్పింది. చాలు, భాష చర్చ అయిపోయింది. ఊరు సంగతికి వద్దాం, డబ్బులున్నది అక్కడే.

మా పెద్దమ్మ అల్లుడు నాగపూర్ అవతల నలభై నాలుగో నంబర్ హైవే మీద లారీ గుద్ది పోయాడు. చాలా ఏళ్ల కిందట. ఊళ్లో ఒక పెద్దమనిషి ఉంటాడు కదా, అన్నీ తెలిసినట్టు తల ఊపే రకం. యాక్సిడెంట్ ఎక్కడైతే కేసు కూడా అక్కడేనమ్మా అన్నాడు. మా అక్క చంకలో పిల్లాడితో రైలెక్కి నాగపూర్ వెళ్లింది. రెండుసార్లు. ఒకసారి జడ్జి సెలవు, రెండోసారి అవతలి లాయరు రాలేదు, వాయిదా. మూడోసారి వెళ్లలేదు. ఎంతకో ఒకంతకి సంతకం పెట్టేసింది. ఆ అంకె చెప్పను, చెబితే నాకే సిగ్గు.

ఆ పెద్దమనిషి చెప్పింది సగమే నిజం. డ్రైవరు మీద పోలీసు కేసు ప్రమాదం జరిగిన చోటే నడుస్తుంది. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు అన్నీ అక్కడే. కానీ నష్టపరిహారం కేసు వేరు. మన కోర్టుల్లో ఎంవీఓపీ అంటారే, అది. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం అది ప్రమాదం జరిగిన చోట వేయొచ్చు, మీరు ఉండే చోట వేయొచ్చు, మీరు వ్యాపారం చేసుకునే చోట వేయొచ్చు, అవతలివాడు ఉండే చోటా వేయొచ్చు. ఎంచుకోవాల్సింది మీరు. లారీ ఓనరు కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ కాదు. 1988లో చట్టం వచ్చినప్పుడు ఈ వెసులుబాటు లేదు, ప్రమాదం జరిగిన చోటే దిక్కు. 1994లో సవరించారు.

ఆ సవరణ ఎందుకు ప్రాణం లాంటిదో తెలియాలంటే హైవే మీద ఒక గంట నిలబడి నంబర్ ప్లేట్లు చూడండి. ఎన్ఎల్ అని ఎన్ని బండ్లు కనిపిస్తాయో! ఎన్ఎల్ అంటే నాగాలాండ్. లారీ తిరిగేది తాడిపత్రి సిమెంటు మీద, పుట్టింది మాత్రం కోహిమాలో! ఓనరు ఉన్న చోటే కేసు వేయాలని చట్టం ఉంటే మన అక్కాచెల్లెళ్లు చంటిపిల్లలతో కొండలెక్కాల్సిందే.

ఇక ఇన్సూరెన్స్ కంపెనీలు. వీళ్లు ఏ స్థాయిలో సాగదీస్తారో వినండి. పశ్చిమ బెంగాల్ హుగ్లీ జిల్లాలో 2008లో ఒక యువకుడు బస్సు ప్రమాదంలో చనిపోయాడు. తల్లి కోల్‌కతా ట్రిబ్యునల్‌లో కేసు వేసింది, ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసు కోల్‌కతాలో ఉంది కాబట్టి. ట్రిబ్యునల్ 16 లక్షలకు పైగా ఇమ్మంది. కంపెనీ హైకోర్టుకి వెళ్లి, ప్రమాదం హుగ్లీలో, ఆవిడ ఉండేది హుగ్లీలో, కోల్‌కతాలో ఎలా వేస్తుంది అంది. ఆఫీసు పక్కనే కోర్టు పెట్టుకుని వీళ్లకొచ్చిన కష్టం చూడండి! హైకోర్టు ట్రిబ్యునల్ ఇచ్చిన ఆ తీర్పును కొట్టేసింది. కొడుకు పోయిన తల్లి మళ్లీ మొదటి నుంచి కేసు వేసుకోవాలట. 2016 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సరిచేసింది. కంపెనీకి అక్కడ వ్యాపారం ఉంది, దానికి వచ్చిన నష్టమేమీ లేదు, ఇంత సాంకేతికంగా చూడకూడదు అని డబ్బు ఇప్పించింది. ఏడేళ్లు పట్టిందండీ. కొడుకు ఎలా పోయాడన్నది కాదు, ఏ గుమ్మం ఎక్కాలన్న దాని మీద కూడా కొట్లాట.

నా థియరీ చెబుతా, ఒప్పుకోకపోతే ఒప్పుకోకండి. బదిలీ పిటిషన్‌లో "సాక్షులు", "భాష", "సౌకర్యం" అని రాస్తారు. అవి పైమాటలు. లోపలి మాట ఒక్కటే, దూరం. దూరం పెరిగితే వాయిదాలు తప్పుతాయి, వాయిదాలు తప్పితే మనిషి అలిసిపోతుంది, అలిసిపోతే తక్కువకి రాజీకొస్తుంది. మా అక్క వచ్చినట్టే. లెక్క తెలిసిన ఓనరుకి మంచి లాయరు కన్నా రెండు రాష్ట్రాల దూరం చవక.

ఓనర్లలోనూ పాపం ఒకే లారీ ఉన్నవాళ్లు, కిస్తీలు కట్టలేక చచ్చేవాళ్లు ఉన్నారని మీరు అంటారు. ఉన్నారు, కాదనను. కానీ పాలసీ సరిగ్గా ఉంటే కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీయే కదా, దానికి ప్రతి ఊళ్లో ఆఫీసూ ఉంది, లాయరూ ఉన్నాడు. ఇవతల ఆవిడకి ఉన్నది ఒక పోస్టుమార్టం రిపోర్టు, ఒక సంచి.

మన రెండు రాష్ట్రాల సంగతి ఇంకా విడ్డూరం. కోదాడ, జగ్గయ్యపేట హైవే మీద పక్కపక్క ఊళ్లు. 2019 జనవరి 1 దాకా హైకోర్టు ఒకటే కాబట్టి ఇక్కడి కేసు అక్కడికి మార్చాలంటే హైదరాబాద్‌లో తేలేది. ఇప్పుడు రాష్ట్రాలు వేరు, హైకోర్టులు వేరు. రాష్ట్రం దాటించి కేసు మార్చాలంటే సుప్రీంకోర్టుకే పోవాలి. బస్సులో అరగంట దూరానికి ఢిల్లీ చుట్టి రావాలి! ఆవిడ ఎదురు కౌంటరు వేయాలంటే ఢిల్లీలో లాయరుని పెట్టుకోవాలి. ఇప్పుడు చెప్పండి, దూరం ఆయుధం కాదా?

సరే, సాక్షికి నిజంగా భాష రాకపోతే ఎలా? దుబాసీని పెట్టండి! ఈస్టిండియా కంపెనీ జమానా నుంచి ఈ దేశంలో దుబాసీలు ఉన్నారు. వీడియోలో వినండి, కమిషనర్ని పంపి వాంగ్మూలం రాయించండి. జడ్జిగారు ఆ ముక్క ఒక్కటి రాసి ఉంటే ఆ ఆర్డరు ఫతేగఢ్‌కీ పనికొచ్చేది, శ్రీకాకుళానికీ పనికొచ్చేది, మధురైకీ పనికొచ్చేది. బాధితులు గెలిచారు కాబట్టి ఆర్డరు నాకు ఇష్టమే. గెలిచిన కారణం చూస్తేనే కడుపు మండుతోంది.

ఇంకోటి, ఇది మాత్రం రాసుకోండి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ కేసు ఆరు నెలల్లో వేయాలన్న గడువు మళ్లీ వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది, ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతరంగా చెప్పింది కూడా. అది నమ్ముకుని కూర్చోకండి. ఎఫ్‌ఐఆర్ కాపీ వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకోవడానికే నెలలు పోతాయి. మార్చురీ దగ్గర వకాల్తా మీద సంతకం పెట్టించుకునే బ్రోకరు ఏ ఊళ్లో కేసు వేస్తున్నాడో అడగండి. వాడికి కమీషన్ దొరికే ఊరూ, మీకు బస్సు దొరికే ఊరూ ఒకటి కాకపోవచ్చు.

2022లో ఈ దేశం రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. కేంద్రం లెక్కే. అందులో సొంత ఊరికి దూరంగా పోయినవాళ్లు ఎందరో ఉంటారు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి కేసు ఉంటే ఏ ఊరి కోర్టులో వేశారు, అవతలివాళ్లు మార్చమని పిటిషన్ వేశారా, ఏ కారణం చూపించారు, కింద రాయండి. పేర్లు వద్దు, ఊళ్లు చాలు. భాష కారణం చూపించారని ఎవరైనా రాస్తే ఆ కామెంటు పైన పిన్ చేస్తా.