ఒసాకాలో సుషీ: సాల్మన్ ఎవరిది?

సుజాత: నమస్కారం. ఎప్పటిలాగే నేను సుజాత, ఎదురుగా మా మరిది మురళి. ఇవాళ గొడుగు ప్రస్తావన తేకూడదని ఒప్పందం.

మురళి: తెచ్చింది మీరే కదా వదినా!

సుజాత: సరే. సుషీ అంటే పుల్లటి అన్నంతో, ఎక్కువగా చేప ముక్క పెట్టి చేసే జపాన్ వంటకం. జపాన్ వెళ్లినవాళ్లు సుషీ హోటల్లో కంగారు పడకుండా ఎలా తినాలి, ఇదీ ఇవాళ్టి సంగతి. మొన్న ఒసాకాలో తిన్నాం కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

మురళి: అక్కడినుంచి అంటే సుషీ పళ్లేలు బల్లల పక్కనుంచి తిరిగే బెల్టు దగ్గరనుంచి అన్నమాట.

సుజాత: వచ్చేసింది బెల్టు.

మురళి: రాదా మరి? అది పుట్టిందే అక్కడ. 1958లో, ఒసాకాను ఆనుకుని ఉన్న హిగాషి ఒసాకాలో. షిరైషి యోషియాకి అనే ఆయన సుషీ కొట్టు నడిపేవారు. బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద వరసగా కదిలిపోవడం చూసి, సీసాలు పోగా లేనిది పళ్లేలు ఎందుకు పోవు అనుకున్నారు. 1970లో ఒసాకా ఎక్స్‌పోలో, అదే ప్రపంచ ప్రదర్శనలో, జనం చూశాక ఇక ఆగలేదు.

సుజాత: ఇది రైళ్ల ఎపిసోడ్‌లో చెప్పావు. పెళ్లిభోజనాల ఎపిసోడ్‌లోనూ చెప్పావు.

మురళి: పెళ్లిభోజనాలకు బెల్టు ఎంత అవసరమో—

సుజాత: వద్దు. వినేవాళ్లకు పనికొచ్చేవి నాలుగు నేను గబగబా చెప్పేస్తాను. బల్ల దగ్గర కుళాయి కనిపిస్తే దాని కింద చెయ్యి పెట్టకండి, మరిగే నీళ్లు వస్తాయి. కప్పులో గ్రీన్ టీ పొడి వేసి ఆ నీళ్లు పట్టుకోవాలి. సోయా సాస్ చేప వైపు అద్దాలి. అన్నం వైపు ముంచితే ముద్ద విడిపోతుంది. అల్లం రేకులు ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య నోరు శుభ్రపడటానికి. వాసబి, అంటే ముక్కుకెక్కే ఆ ఆకుపచ్చ ఘాటు ముద్ద, వద్దంటే ‘సబి నుకి’ అనండి. నిక్షేపంగా చేత్తో తినవచ్చు. టిప్పు ఇవ్వనక్కరలేదు.

మురళి: అన్నయ్య ఆ అల్లం డబ్బా మొత్తం ఖాళీ చేశాడు.

సుజాత: శాకాహారి, పాపం ఏం చేస్తారు? దోసకాయ పెట్టి చుట్టే కప్పామాకి ఉంది. ఇనారి కూడా ఉంది, వేయించిన టోఫు సంచిలో అన్నం. చూడటానికి శాకాహారమే. కానీ ఆ టోఫును ఉడికించే దాషి అనే చారులో చాలాచోట్ల ఎండు చేప ఉంటుంది.

మురళి: ఈ మాట అన్నయ్యకు చెప్పారా?

సుజాత: ఆయన మన ఎపిసోడ్లు వినరులే. నేను మాత్రం సాల్మన్ వదల్లేదు.

మురళి: జపాన్ దాకా వెళ్లి నార్వే చేప తిని వచ్చారు.

సుజాత: అదేమిటి?

మురళి: 1980ల దాకా సుషీలో సాల్మన్ ఎక్కడిది? పచ్చి సాల్మన్‌లో పురుగులు ఉంటాయని అక్కడివాళ్లు ఉప్పు పట్టించి కాల్చుకునేవారు. అటు నార్వేలో పెంపకం సాల్మన్ అమ్ముడుపోక పేరుకుపోయింది. మేత వేసి పెంచిన చేప కాబట్టి పురుగుల భయం లేదని జపాన్ వాళ్ల వెంటపడి, ఏళ్ల తరబడి బతిమాలి అలవాటు చేశారు.

సుజాత: చేశారు, వీళ్లకు నచ్చింది. తప్పేముంది?

మురళి: తప్పని కాదు. టోక్యో పాత పేరు ఎడో కదా, అసలైన ఎడో సుషీ అంటే—

సుజాత: ఎడో మాట నువ్వు ఎత్తకు! అక్కడ 1820ల్లో హనయా యోహెయ్ అనే ఆయన నిగిరి, అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క, అమ్మే రోజుల్లో ఫ్రిజ్ ఉందా? చేపను సోయాలోనో వెనిగర్లోనో నానబెట్టేవారు, లేదంటే ఉడికించేవారు. నువ్వు మళ్లీ మళ్లీ తెప్పించుకున్న టోరో, ఆ ట్యూనా పొట్ట ముక్క, దాన్ని ఎడోలో పిల్లి కూడా ముట్టదని వెక్కిరించేవారు. ఇవాళ బాగా ఖరీదైనవాటిలో అదొకటి.

మురళి: టోరో సంగతి వేరు.

సుజాత: నువ్వు తిన్నావు కాబట్టి వేరా?

మురళి: ట్యూనా వాళ్ల సముద్రంలోది.

సుజాత: మన పళ్లెంలోది ఎక్కడిదో అడిగావా? మాల్టాలో, స్పెయిన్‌లో ట్యూనాను బోనుల్లో మేపి జపాన్‌కు పంపుతారు. నీది మధ్యధరా సముద్రం దాటి వచ్చినా అసలైనది, నాది నార్వేది కాబట్టి నకిలీ!

మురళి: ఇప్పుడు మిరపకాయ తీస్తారు చూడండి.

సుజాత: తీస్తాను. పోర్చుగీసువాళ్లు తెచ్చిన మిరపకాయ గుంటూరుది అయినప్పుడు...

మురళి: ప్రతి ఎపిసోడ్‌లో అదే మిరపకాయ!

సుజాత: ప్రతి ఎపిసోడ్‌లో అదే బెల్టు!

(నవ్వులు)

మురళి: బెల్టు అంటే గుర్తొచ్చింది. నవ్వకండి, ఇది బాధే. 2023లో ఒక కుర్రాడు సుషీ హోటల్లో సోయా సీసా నాకి వీడియో తీయించుకున్నాడు. పెద్ద గొడవైంది. ఆ తరువాత ఊరూరా శాఖలున్న పెద్ద హోటళ్లలో కొన్ని తిరిగే పళ్లేలను మానేశాయి. తెర మీద నొక్కితే మన పళ్లెం సరాసరి మన దగ్గరికే వస్తుంది.

సుజాత: మనం వెళ్లినచోటా అంతే. నీ మొహం చూశాను, పాపం.

మురళి: అంత దూరం వెళ్లింది దాని కోసమే వదినా. దూరంనుంచి ఏదో వస్తూ ఉంటుంది, ఏమిటో తెలియదు. ఈలోపు పక్కబల్ల వాళ్లు ఎగరేసుకుపోతారేమోనని గుబులు. తెర మీద బొమ్మ నొక్కితే ఆ గుబులు ఎక్కడినుంచి వస్తుంది?

సుజాత: గుబులు రాకపోతే పోయింది. తిరిగి తిరిగి ఎండిపోయిన చేప తినడం కంటే అప్పటికప్పుడు చేసి పంపింది నయం కాదా? ఎవరూ తీసుకోనివి ఎంత పారేసేవారో!

మురళి: చేప సంగతి ఎవరు అడిగారు?

సుజాత: సుషీ ఎపిసోడ్‌లో చేప సంగతి ఎవరూ అడగలేదట! ఓమకాసే గురించి చెబుదామని కాగితం నింపుకుని వచ్చాను నేను.

మురళి: చెప్పండి.

సుజాత: ఓమకాసే అంటే, కౌంటరు ముందు కూర్చుంటే సుషీ చేసే ఆయన ఏది పెడితే అది తినాలి. చేసి ఇచ్చిన వెంటనే తినాలి, ఫొటోలు తీస్తూ కూర్చోకూడదు. సెంటు దట్టంగా పూసుకుని వెళ్లకూడదు, చేప వాసన పక్కవాళ్లకు తెలియాలి కదా. ధర ముందే కనుక్కోవాలి, ఎందుకంటే...

మురళి: అక్కడ బెల్టు ఉంటుందా?

సుజాత: ఉండదు.

మురళి: అయితే మీరు చెబుతూ ఉండండి, నేను టీ పెట్టుకుని వస్తాను.

సుజాత: కూర్చో. మురళీ, మైకు తీగ కాలికి... చూసుకో, ఊడి—