పిల్లి లేని ఇల్లు కావాలి

శ్రోతలకు నమస్కారం.

ఈ పది నిమిషాలూ నేను మాట్లాడాలనుకున్నది ఇంట్లో పిల్లి లేనివాళ్లతో. పిల్లులను పెంచుకునేవాళ్లు కూడా వినండి, కాదనను. కానీ ఈ రోజు నాకు కావలసినవాళ్లు వేరే ఉన్నారు. పిల్లలు అమెరికాకో బెంగళూరుకో వెళ్లిపోయాక ఇద్దరే మిగిలినవాళ్లు, ఒంటరిగా ఉంటూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తాళం తీసుకునేవాళ్లు, పిల్లిని తెచ్చుకుందామన్న ఆలోచన ఇప్పటిదాకా రానివాళ్లు. వాళ్లే కావాలి. ఎందుకో చెబుతాను.

మన హైదరాబాద్‌లో దిక్కులేని పిల్లులను చేరదీసే షెల్టర్లు ఉన్నాయి. వాటిలో ఒకదానికి నేను వీలున్నప్పుడల్లా వెళ్లి, పిల్లులకు ఇళ్లు వెతకడంలో సాయం చేస్తుంటాను. కూనలకు ఇల్లు తొందరగానే దొరుకుతుంది. కాలు పోయిన పిల్లినీ, కన్ను పోయిన పిల్లినీ కూడా ఎవరో ఒకరు మనసుపడి తీసుకెళ్తారు. అదే 'ఫెలైన్ లుకేమియా పాజిటివ్' అని కాగితం మీద రాసుందంటే చాలు, ఎంత ఇష్టపడి వచ్చినవాళ్లయినా వెనక్కి తగ్గుతారు.

ఫెలైన్ లుకేమియా అనేది ఒక వైరస్ వల్ల వచ్చే జబ్బు. పిల్లి నుంచి పిల్లికి అంటుకుంటుంది, ముఖ్యంగా ఉమ్మి ద్వారా. ఒకదాన్నొకటి నాకినప్పుడు, ఒకే గిన్నెలో తిన్నప్పుడు, కొట్లాడి కరుచుకున్నప్పుడు వస్తుంది. తల్లి నుంచి కూనకూ వస్తుంది. స్కాట్లాండ్‌లో ఒకే ఇంట్లో పెరుగుతున్న పిల్లులకు ఒకదాని తర్వాత ఒకదానికి కణుతులు వస్తుంటే, కారణం ఏమిటా అని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం జారెట్, ఆయన తోటివాళ్లు వెతికి 1964లో ఈ వైరస్‌ను పట్టుకున్నారు. ఇది ఒంట్లో పాతుకుపోతే రక్తం తగ్గిపోతుంది, ఇతర రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది, కొన్నింటికి క్యాన్సర్ వస్తుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు.

ఇప్పుడు చెప్పే మాట జాగ్రత్తగా వినండి. ఈ వైరస్ మనుషులకు రాదు. చంటిపిల్లలకు రాదు, పెద్దవాళ్లకు రాదు. ఇంట్లో కుక్క ఉంటే దానికీ రాదు. పిల్లి జాతికి మాత్రమే వస్తుంది. (గర్భిణులు ఏ పిల్లి మలమూత్రాలనైనా ఎత్తకపోవడమే మంచిది. అది వేరే కారణం, ఈ వైరస్‌తో సంబంధం లేదు.)

చిక్కంతా ఎక్కడ వచ్చిందో గమనించారా? పిల్లులంటే ప్రాణం పెట్టేవాళ్ల ఇంట్లో అప్పటికే పిల్లి ఉంటుంది. ఇంకో పిల్లి ఉన్న ఇంటికి దీన్ని పంపలేం. అంటే ఎవరికి ఎక్కువ ప్రేమ ఉందో వాళ్ల తలుపే దీనికి మూసుకుపోతుంది. ఇక మిగిలింది ఎవరు? పిల్లి లేనివాళ్లు.

మీకు జున్ను సంగతి చెప్పాలి. జున్ను రెండేళ్ల మగపిల్లి. మీగడ రంగు ఒళ్లు, తోక చివర గోధుమరంగు మచ్చ. ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్ల మధ్య తిరుగుతుంటే వాచ్‌మన్ భార్య తీసుకొచ్చి అప్పజెప్పింది. రెండు చుక్కల రక్తం తీసి టెస్ట్ చేస్తే పాజిటివ్. నెల దాటాక మళ్లీ చేశారు, మళ్లీ పాజిటివే. చూడటానికి మాత్రం నిక్షేపంలా ఉన్నాడు. బాగా తినేవాడు, ఈగ కనబడితే గోడెక్కి మరీ పట్టుకునేవాడు. కానీ మిగతా పిల్లులతో కలపకూడదు కాబట్టి విడిగా ఒక గదిలో పెట్టారు. వాడికి ఒంటరితనం పడలేదు. తలుపు కింద సందులోంచి ముందుకాలు బయటికి చాపి, అటుగా వెళ్లేవాళ్ల చెప్పులు తడిమేవాడు. ఎవరైనా ఆగితే ఆ కాలు అక్కడే ఉంచేవాడు. నడిచి వెళ్లిపోతే లోపలికి లాక్కునేవాడు.

పద్మారావునగర్ నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య పాత దుప్పట్లు ఇవ్వడానికి వచ్చారు. ఆయన రైల్ నిలయంలో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ల పేర్లు చెప్పను, నేను బాబాయి గారు, పిన్ని గారు అనే పిలుస్తాను. ఆ తలుపు ముందు నుంచి వెళ్తుంటే జున్ను పిన్ని గారి చెప్పు తడిమాడు. ఆవిడ ఆగిపోయారు.

"వీడినెందుకమ్మాయ్ విడిగా పెట్టారు?"

చెప్పాను. బాబాయి గారు మూడు ప్రశ్నలు వేశారు. "మనుషులకు వస్తుందా? ఎన్నాళ్లు బతుకుతాడు? మా ఇంట్లో నీచు వండం కదమ్మా, వీడికేం పెట్టాలి?"

మొదటిదానికి జవాబు మీరు విన్నారు. రెండోదానికి ఉన్నదున్నట్టు చెప్పాను. వైరస్ పాతుకుపోయిన పిల్లుల్లో చాలా వరకు, జబ్బు ఉందని తెలిసిన రెండు మూడేళ్లలో పోతాయి. అంతకన్నా ఎక్కువ ఏళ్లు హాయిగా బతికినవీ ఉన్నాయి. ఎవరూ మాట ఇవ్వలేరు. మూడోదానికి కూడా సూటిగానే చెప్పాను. పాలు, పెరుగన్నం సరిపోవు. పిల్లి ఒంటికి మాంసంలో దొరికే టారిన్ తప్పనిసరి, అది లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. అయితే ఇంట్లో వండాల్సిన పని లేదు, పిల్లుల కోసమే తయారైన ప్యాకెట్ తిండి దొరుకుతుంది. ఈ జబ్బున్న పిల్లికి పచ్చి మాంసం అసలు పెట్టకూడదు, అందులోని క్రిములను తట్టుకోలేదు. కాబట్టి ఎవరికైనా ప్యాకెట్టే సుఖం.

ఆ రోజు వాళ్లు ఏమీ తేల్చకుండా వెళ్లిపోయారు. నేనూ ఫోన్ చేసి అడగలేదు. ఇలాంటి పిల్లిని ఎవరికీ మొహమాటపెట్టి అంటగట్టకూడదని నా నమ్మకం. తర్వాత వాళ్లే ఫోన్ చేశారు. "బాల్కనీకి పావురాల వల ఉంది, సరిపోతుందా?" అని బాబాయి గారు అడిగారు. సరిపోదన్నాను. మన ఫ్లాట్లన్నింటికీ కట్టే ఆ నైలాన్ వలను పిల్లి ఒక్క రాత్రిలో కొరికేయగలదు. బయటికి పోతే రెండు నష్టాలు. సెల్లార్‌లో తిరిగే పిల్లులకు వీడి వైరస్ అంటుకోవచ్చు, వాటి రోగాలు వీడికి అంటుకోవచ్చు. ఆయన మనిషిని పిలిపించి ఇనుప జాలీ బిగించాకే జున్నును తీసుకెళ్లారు.

నాకు బాగా నచ్చిన విషయం ఇప్పుడు చెబుతాను. బాబాయి గారు ప్రతి ఆదివారం జున్నును ఎత్తుకుని బరువు చూసే మిషన్ ఎక్కుతారు. తర్వాత వాడిని దించి తానొక్కరే ఎక్కుతారు. రెండిటికీ తేడా ఎంతో లెక్కకట్టి డైరీలో రాస్తారు. పిన్ని గారిది మరో పని. ట్యూబ్‌లైట్ కింద కూర్చుని వాడి పై పెదవి బొటనవేలితో మెల్లగా ఎత్తి చిగుళ్లు చూస్తారు. గులాబీ రంగులో ఉంటే సరే. తెల్లగా పాలిపోతే రక్తం తగ్గిందేమోనని అనుమానించాలి. నోటి వాసనా చూస్తారు. ఈ రెండు పనులకూ కలిపి ఐదు నిమిషాలు పట్టవు.

ఒక ఆదివారం బరువు తగ్గింది. అంతకుముందు నాలుగు కిలోల రెండొందలు ఉన్నవాడు మూడు కిలోల ఎనిమిదొందలకు వచ్చాడు. తిండి మానలేదు, ఆట మానలేదు, పైకి ఏమీ తెలియలేదు. డైరీలో అంకె లేకపోతే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళితే వెనక పళ్ల దగ్గర చిగురు వాచి ఉంది. మందులు వాడారు, తగ్గింది. ఈ జబ్బున్న పిల్లులకు చిన్న వాపు ముదిరితే పెద్ద ప్రమాదం. అందుకే ఏమీ లేకపోయినా ఆరు నెలలకోసారి డాక్టర్‌కు చూపించాలి. ఇప్పటికీ జున్ను వాళ్లింట్లోనే ఉన్నాడు. పిన్ని గారు మొదట్లో ప్యాకెట్‌ను బాల్కనీలోనే విప్పేవారు. మొన్న నేను వెళ్లేసరికి వాడి గిన్నె వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

టెస్ట్ పాజిటివ్ వచ్చిందనగానే సూదేసి పంపించేద్దాం అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. బాధలో ఉన్న పిల్లి సంగతి వేరు. ఆడుకుంటూ తింటూ ఉన్న పిల్లిని ఒక్క కాగితం చూసి చంపడం నాకు న్యాయంగా అనిపించదు. పైగా ఒక్క టెస్ట్‌తో తేల్చకూడదు. కొన్ని పిల్లుల ఒళ్లు ఈ వైరస్‌ను అణచేస్తుంది. అందుకే నెల దాటాక రెండో టెస్ట్ తప్పకుండా చేయించాలి.

ఇంట్లో పిల్లులున్నవాళ్లకూ ఒక మాట. ఈ జబ్బుకు టీకా ఉంది. కానీ మామూలుగా పిల్లులకు వేయించే మూడు రోగాల టీకాలో ఇది కలిసి ఉండదు. మీ డాక్టర్‌ను విడిగా అడగండి. కొత్త పిల్లిని ఇంట్లోకి తేవాలంటే ముందు టెస్ట్ చేయించండి. అప్పటికే జబ్బు అంటుకున్న పిల్లికి ఆ టీకా పనిచేయదు.

ఇక మీలో ఎవరికైనా మనసైతే, షెల్టర్‌కు వెళ్లినప్పుడు ముందు రెండు టెస్టుల కాగితాలూ, వాటి తేదీలూ చూపించమనండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, రేబిస్ టీకా పడిందా అడగండి. మీ ఇంటికి దగ్గర్లో పిల్లులను చూసే డాక్టర్ ఎవరున్నారో ముందే తెలుసుకోండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, ప్రైవేటు క్లినిక్‌లు కూడా ఉన్నాయి. అద్దె ఇల్లయితే ఓనర్ గారితో ముందే మాట్లాడండి, తర్వాత పిల్లిని వెనక్కి పంపాల్సి వస్తే అది తట్టుకోలేదు. ఆ తర్వాత, విడిగా ఉంచిన ఆ గదిలో పిల్లితో ఓ అరగంట కూర్చోనివ్వమని అడగండి. ఎత్తుకోవద్దు, పిలవద్దు, ఊరికే నేల మీద కూర్చోండి. అరగంటలో మీకూ తెలుస్తుంది, దానికీ తెలుస్తుంది. బయటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కుని, మిగతా పిల్లుల దగ్గరికి వెళ్లకుండా నేరుగా ఇంటికి వెళ్లండి. ఏ సంగతీ రెండు మూడు రోజులు ఆలోచించుకునే ఫోన్ చేయండి.

సెలవు. నమస్కారం.