మామిడి బుట్టలో పడిన పండు ఈగల్లో ఏది ఏదో గుర్తుపట్టడం

నమస్కారం అండీ. ఇది మా తోపులో పండు ఈగల్ని పట్టడానికి కట్టిన బుట్ట, లోపల మిథైల్ యూజినాల్ అనే వాసన మందు పెట్టింది. చుట్టూ తోతాపురి చెట్లే. మూత తీసి, ఇట్లా, తెల్ల పేపర్ మీద వంపేస్తాను. అన్నీ మగ ఈగలే, ఆ మందు వాసనకి వచ్చేది మగవే. లెన్స్ పది రెట్లది చాలు. నేనైతే ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్ వాడతాను, ఫోటో తీసి పెద్దది చేసుకోవచ్చు, కళ్లకి నొప్పి ఉండదు.

మొదటిది సులభం. రెక్క ముందంచు చూడండి. పంచెకి అంచు కట్టినట్టు నల్లగీత మొదలు నుంచి చివరిదాకా తెగకుండా పోయింది కదా? వీపు నలుపు, రెండు పక్కలా పసుపు గీతలు. ఇది బాక్ట్రోసెరా డోర్సాలిస్. అయిపోయింది, పక్కన పెట్టేద్దాం. పొట్ట మీద టీ అక్షరం చూసి చెప్పేయకండి, కరెక్టా అనే ఇంకో రకం ఈగకీ ఉంటుంది అది.

ఇప్పుడు అసలు తిప్పలు. ఈ రెండూ చూడండి, ఇదీ, ఇదీ. రెండింటికీ రెక్క గీత మధ్యలో తెగిపోయి, కొసన ఒక చుక్క మాత్రం మిగిలింది. ఒకటి జొనాటా, ఒకటి కరెక్టా. వీపు ఎర్రగా ఉంటే జొనాటా, నల్లగా ఉంటే కరెక్టా అని నేను రెండు సీజన్లు రాసుకున్నా. తప్పు! పుస్తకంలో అట్లానే ఉంటుంది, కానీ వానకి తడిసి, ఎండి, బుట్టలో వారం పడున్న ఈగకి రంగు ఏం మిగులుతుంది? అప్పుడే పుట్టిన ఈగ కూడా పాలిపోయే ఉంటుంది. నా నోట్‌బుక్ ఒక సారు చూసి, "ముఖం చూశావా?" అన్నారు. చూడలేదు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నా.

కాబట్టి ఈగని వెల్లకిలా తిప్పండి. సూదితో కాదు, తల ఊడిపోతుంది. తడిపిన చిన్న బ్రష్‌తో. ఇట్లా... ఆగండి, జారింది... ఇదిగో. మూతి పైన రెండు నల్ల చుక్కలు, విడివిడిగా. జొనాటా. రెండోది తిప్పితే, చుక్కలు లేవు, అడ్డంగా ఒకటే గీత. ఇది కరెక్టా. కాళహస్తి విభూతి రేఖ నల్లగా ఉన్నట్టు అని నేను గుర్తు పెట్టుకున్నా. మా అబ్బాయి మీసం అంటాడు. వాడిదే కరెక్ట్ అనుకోండి, మూతి మీదే కదా ఉంది.

ఫోకస్ కుదరకపోతే ఒక్కటే చిట్కా, లైట్ పక్క నుంచి కొట్టండి, పై నుంచి కాదు.

వీపు మధ్యలో మూడో పసుపు గీత కూడా ఉండి, రెక్క కొసన పెద్ద మచ్చ ఉంటే అది కాకర, దోస పాదుల్లో ఉండే ఈగ, కుకుర్బిటే. దానికి క్యూలూర్ అనే ఇంకో వాసన మందు పెట్టిన బుట్ట వేరే కట్టాలి, ఈ బుట్టలో దాని కోసం వెతక్కండి.

సరే, ఇంకా నలభై దాకా ఉన్నాయి పేపర్ మీద. ఒక్కొక్కటీ తిప్పుతూ పోతాను, స్క్రీన్ మీద ముఖం ఆగినప్పుడు మీరే ముందు చెప్పండి.