సగం దారిలో వెనక్కి తిప్పిన రోజుకి కూడా కూలి రావాలి

హోస్ట్: అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ నాతో కూర్చున్న అక్క పన్నెండేళ్లుగా ఒకటే పని చేస్తోంది, జనాన్ని బండలెక్కించడం, కొండల్లో నడిపించడం. ఏ కంపెనీలోనూ ఉద్యోగి కాదు, ఎవరు పిలిస్తే వాళ్లకి వెళ్తుంది, అంటే ఫ్రీలాన్స్ అన్నమాట. అక్కా, మొన్న శనివారం నేనూ మీ బ్యాచ్‌తో వచ్చాను కదా. నన్ను ఎక్కనిచ్చే ముందు నా నడుము దగ్గర ముడిని మూడుసార్లు చూశారు. సరిగానే వేశావని మొదటిసారే అన్నారు, మరి మళ్లీ ఎందుకు?

గెస్ట్: మొదటిసారి ముడి చూశాను. రెండోసారి, తాడు హార్నెస్‌లో, అంటే నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలో, రెండు లూపుల్లోంచీ వెళ్లిందా, ఒక్కదాంట్లోంచే వెళ్లిందా అని. ఆ తర్వాత నువ్వు ఫోన్ తీసి ఫొటో దిగావు, ఆ కదలికలో బకిల్ ఏమైనా వదులైందేమో అని మూడోసారి. ఎనిమిది అంకెలా ఉండే ఈ ఫిగర్ ఎయిట్ ముడి ఎవరికైనా పది నిమిషాల్లో వచ్చేస్తుంది తమ్ముడూ. ఇబ్బంది ఎక్కడంటే, సగం వేశాక ఎవరో పలకరిస్తారు, వాళ్లకి జవాబు చెప్పి, ముడి అయిపోయిందనుకుని బండ దగ్గరికి వెళ్లిపోతారు. కొత్తవాళ్లే అనుకోకు. లిన్ హిల్ అని అమెరికా ఆవిడ, ప్రపంచంలోనే గొప్ప క్లైంబర్లలో ఒకరు, 1989లో ఫ్రాన్స్‌లో ముడి పూర్తి చేయకుండానే పైదాకా ఎక్కి, కిందికి దిగుదామని తాడు మీద వాలితే 70 అడుగుల పైనుంచి పడిపోయింది. చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికింది. అందుకే ముడి వేస్తున్న మనిషిని నా బ్యాచ్‌లో ఎవరూ పలకరించకూడదు, అది మొదటి రూలు.

హోస్ట్: ఈ పనిలోకి ఎలా వచ్చారు?

గెస్ట్: మాది చంద్రగిరి దగ్గర పల్లె. మేకల వెనక బండలెక్కడం చిన్నప్పటి నుంచీ ఉంది, అదొక విద్య అని మాత్రం తెలియదు. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపులో మొదటిసారి హార్నెస్ కట్టుకున్నాను. ఆ తర్వాత ఉత్తరకాశీలో నిమ్‌కి, అంటే నెహ్రూ పర్వతారోహణ సంస్థకి వెళ్లి 28 రోజుల బేసిక్ కోర్సు చేశాను. చాలామంది అక్కడితో ఆగిపోయి వచ్చి బోర్డు పెట్టేస్తారు. కానీ బేసిక్ కోర్సు నీకు ఎక్కడం నేర్పిస్తుంది, ఇంకొకరిని ఎక్కించడం నేర్పించదు. దానికి అడ్వాన్స్‌డ్ చేయాలి, అందులో ఏ గ్రేడ్ రావాలి, అప్పుడే మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్, అంటే నేర్పించడం నేర్పే కోర్సుకి తీసుకుంటారు. నాకు అన్నీ కలిపి నాలుగేళ్లు పట్టింది, మధ్యలో డబ్బుల కోసం ఆగాల్సి వచ్చింది. 2014 మేలో మాలావత్ పూర్ణ 13 ఏళ్లకి ఎవరెస్ట్ ఎక్కింది చూడు, ఆ అమ్మాయి భువనగిరి బండ మీద ట్రైనింగ్ తీసుకుందని పేపర్లో వచ్చాక మా నాన్న మాట మారింది. బండ మీద నేర్చుకున్న విద్య అంతదూరం తీసుకెళ్తుందని ఆయనకి అప్పుడు అర్థమైంది.

హోస్ట్: మన దగ్గర బండలు ఎలాంటివి? బండలెక్కడం అంటే అందరూ కర్ణాటకలో బాదామి, హంపి, రామనగర అంటారు కానీ తిరుపతి ఎవరూ అనరు.

గెస్ట్: మన దగ్గర రెండు రకాల రాయి ఉంది. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి. ఘాట్ రోడ్డులో వెళ్తుంటే ఆ రెండూ కలిసే గీత కంటికే కనిపిస్తుంది, జియాలజీ వాళ్లు దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. ఆ గీతకి కింద రాయికీ పైన రాయికీ మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల తేడా. నేను పిల్లల్ని బస్సులో తీసుకెళ్తే అది తప్పకుండా చూపిస్తాను. తిరుమల కొండ మీద మాత్రం క్లైంబింగ్ చేయించను, ఎవరూ చేయకూడదు కూడా, అది స్వామి కొండ. చంద్రగిరి కోట కూడా అంతే, ఆర్కియాలజీ వాళ్ల రక్షణలో ఉంది. నేను పని చేసేది ఊళ్ల పక్కన ఉండే గ్రానైట్ గుండ్ల మీద, అది కూడా ఊరివాళ్లని అడిగి. గ్రానైట్ పలక మీద చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అరికాలి ముందు భాగం ఆనించి, మడమ కిందికి దించి, బరువంతా కాళ్ల మీదే వేయాలి. భయపడిన మనిషి ఏం చేస్తాడంటే బండని కౌగిలించుకుంటాడు. అలా ఒళ్లు బండకి ఆనిందంటే కాళ్లు జారతాయి. నడుము వెనక్కి తీసి నిలబడు అంటే నమ్మరు. ఒక్కసారి కాలు నిలిచాక ముఖంలో వచ్చే మార్పు చూడాలి, అది చూడటానికే నేను ఇంకా ఈ పనిలో ఉన్నాను. ఇంకోటి, ఆడపిల్లలకి హార్నెస్ బిగించేటప్పుడు ముందు చెప్పి, అడిగి, అప్పుడే చెయ్యి వేయాలి. దాని గురించి ఏ కోర్సులోనూ గంట సేపు చెప్పరు, చెప్పాలి.

హోస్ట్: కొండ నడక సంగతి?

గెస్ట్: మనకి అది కొత్త కాదు కదా. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటికి పాపవినాశనం నుంచి ముసలివాళ్లు కూడా రాళ్లలో, వాగుల్లో నడిచి వెళ్లొస్తారు. కాకపోతే మిగతా రోజుల్లో శేషాచలం అడవిలోకి ఇష్టమొచ్చినట్టు వెళ్లడానికి లేదు. నేషనల్ పార్క్, పైగా ఎర్రచందనం ఉన్న అడవి, ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ లేకుండా అడుగు పెట్టకూడదు. ఎవరో రీల్‌లో పెట్టిన దారి పట్టుకుని వెళ్లిపోయే బ్యాచ్‌లని చూస్తే నాకు నిజంగా కడుపులో దేవినట్టు ఉంటుంది. ఫిబ్రవరి చివర నుంచి వానలు పడేదాకా నేను గడ్డి కొండల్లోకి ఎవరినీ తీసుకెళ్లను. బోద గడ్డి నడుము ఎత్తు ఎండి ఉంటుంది, నిప్పు అంటుకుంటే పైకి పరిగెత్తే మనిషికంటే మంటే ముందు వెళ్తుంది. 2018 మార్చిలో తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో అలాగే ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు.

హోస్ట్: అయితే ఏడాదిలో పని దొరికేది ఎన్నాళ్లు?

గెస్ట్: గట్టిగా లెక్కేస్తే ఐదారు నెలలు. ఎండాకాలం పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి ముగించేయాలి, ఆ తర్వాత బండ మీద చెయ్యి పెట్టలేం. అప్పుడు హార్సిలీ కొండల వైపు వెళ్తాం, మా అమ్మమ్మ దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేది, అక్కడ కాస్త చల్లగా ఉంటుంది. అక్టోబర్ నుంచి చలికాలం అంతా బెంగళూరు, చెన్నై నుంచి ఫోన్లు మోగుతూనే ఉంటాయి, సరిగ్గా అప్పుడే మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. అసలు కష్టం అక్కడే ఉంది. దాని గురించి చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చాను.

హోస్ట్: చెప్పండి అక్కా.

గెస్ట్: కొన్నేళ్ల కింద నవంబర్‌లో ఒక కాలేజీ వాళ్లు పిలిచారు, పేరు వద్దులే. 22 మంది పిల్లలు, నేను, ఇద్దరు హెల్పర్లు, పర్మిషన్ తీసుకుని జలపాతం చూడటానికి ఒక కోనలోకి వెళ్లాం. మా నెత్తిన ఎండ కాస్తోంది. పైన కొండ మీద మాత్రం మబ్బు కూర్చుని కదలట్లేదు. వాగు దాటే ముందు నీళ్ల అంచున ఒక తెల్ల రాయి పెట్టాను, అది నా అలవాటు. పిల్లలు టిఫిన్ తిన్నారు. అరగంట తర్వాత చూస్తే రాయి తడిసింది, సగం మునిగింది. నీళ్లు అంతదాకా అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు టీ రంగులోకి తిరిగాయి. ఎండుటాకులు, చిన్న చిన్న పుల్లలు కొట్టుకొస్తున్నాయి. పైన వాన పడింది, నీళ్లు బయల్దేరాయి అని అర్థం. జలపాతం ఇంక ఇరవై నిమిషాల దూరం. వెనక్కి తిరగండి అన్నాను. పిల్లలు గొడవ చేశారు, వాళ్లతో వచ్చిన సార్ అయితే ‘ఎండ కాస్తుంటే వాన అంటావేంటమ్మా’ అన్నాడు. మేము రెండో వాగు దాటి గట్టెక్కిన ముప్పావుగంటకి ఆ వాగు దాటేలా లేదు, మోకాలి లోతు ఉన్నది ఛాతీ లోతు అయింది, చప్పుడుకి మాట వినపడలేదు.

హోస్ట్: అమ్మో. మరి వాళ్లు మీకు దండం పెట్టి ఉండాలి.

గెస్ట్: పిల్లలు పెట్టారు. కాలేజీ మాత్రం డబ్బులివ్వలేదు. ‘మీరు జలపాతం చూపించలేదు కదా’ అన్నారు. హెల్పర్ల కూలి, జీపు బాడుగ నా చేతి నుంచే ఇచ్చాను, ఆ నెల ఇంటి అద్దె కట్టలేకపోయాను. అది పోతే పోయింది. ఆ తర్వాతి వారం జరిగింది విను. ఇంకో బ్యాచ్, అలాంటి మబ్బే. వాగు దగ్గర నిలబడి నేను ఏం ఆలోచిస్తున్నానంటే, ఇవాళ కూడా వెనక్కి తిప్పితే మళ్లీ సున్నానే కదా, కాసేపు చూద్దాంలే అని. నీళ్ల వైపు చూస్తూ నేను లెక్కపెడుతున్నది డబ్బుల్ని. అది తెలిసేసరికి చేతులు చల్లబడ్డాయి తమ్ముడూ. ఆ రోజు కూడా తిప్పేశాను. కానీ ఇంటికొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎంత మంచి ఇన్‌స్ట్రక్టర్ అయినా, ముందుకెళ్తేనే అన్నం, వెనక్కొస్తే పస్తు అనే పద్ధతిలో పెడితే, ఏదో ఒక రోజు తప్పు చేస్తుంది.

హోస్ట్: అప్పుడు ఏం చేశారు?

గెస్ట్: కాగితం రాశాను. ఇప్పుడు ఎవరు పిలిచినా అందులో మూడు మాటలు ఉంటాయి. సగం డబ్బు ముందే ఇవ్వాలి. గేటు దగ్గరి నుంచే తిరిగొచ్చినా రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి. ముందు రోజు సాయంత్రం వాన వల్ల నేను రద్దు చేస్తే ఇంకో తేదీ ఇస్తాను, అడ్వాన్స్ వెనక్కి రాదు. మొదటి ఏడాది సగం మంది పోయారు. ఇలాంటివి అడగని వాళ్ల దగ్గరికి వెళ్లారు. 2021 నవంబర్‌లో తిరుపతిలో ఏం జరిగిందో నీకూ తెలుసు, కొండ మీద పడిన వాన వీధుల్లోకి వచ్చింది, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు. ఆ తర్వాత నేను ఎందుకు అడుగుతున్నానో ఇక్కడివాళ్లకి విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

హోస్ట్: సామాన్లు కూడా మీవేనా? ఖర్చు ఎక్కువే కదా?

గెస్ట్: అన్నీ నావే. 60 మీటర్ల తాడు ఒక్కటే పది వేల పైన. ప్రతి తాడుకీ ఒక నోటుబుక్కు ఉంది, కొన్న తేదీ, వాడిన రోజులు, ఎవరైనా గట్టిగా పడ్డారా అన్నీ రాస్తాను. ప్రతి ట్రిప్పు అయ్యాక ఇంటి వరండాలో కూర్చుని, కళ్లు మూసుకుని, తాడు మొత్తం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జానెడు జానెడు లాగుతాను. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల పోగులు దెబ్బతింటే ఒకచోట మెత్తగా తగులుతుంది, అక్కడ మడిస్తే గుండ్రంగా వంగకుండా చపాతీలా అణిగిపోతుంది. ఒకసారి మా తమ్ముడు నాకు చెప్పకుండా నా కొత్త తాడు తీసుకెళ్లి బోరు మోటార్ పైకి లాగాడు. నాలుగు నెలల తాడు. పైకి ఏ మచ్చా లేదు. కానీ కేసింగ్ పైపు అంచుకి ఎక్కడ రాసుకుందో, ఎంత బరువు పడిందో నాకు తెలియదు కదా. ఆ సాయంత్రమే కత్తి తీసుకుని ముక్కలు కోసేశాను, అలాగే ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు నేనే మర్చిపోయి వాడతాను. వాడు ఏడ్చినంత పని చేశాడు. ఆ ముక్కలు ఇప్పుడు మా పశువుల కొట్టంలో ఉన్నాయి.

హోస్ట్: వినేవాళ్లు ఎవరైనా పిల్లల్ని ఇలాంటి క్యాంపుకి పంపాలనుకుంటే, ఏం అడగాలి?

గెస్ట్: సర్టిఫికెట్ అడగండి, పర్మిషన్ కాగితం అడగండి, అవి అందరూ చెప్తారు. నేను చెప్పేది ఇంకోటి. ‘పోయిన ఏడాది ఎన్నిసార్లు మధ్యలో వెనక్కి వచ్చారు’ అని అడగండి. ఒక్కసారి కూడా లేదు అన్నారంటే పిల్లల్ని పంపకండి. బండ కింద నిలబడి పైకి చూసి తేనెపట్లు ఉన్నాయా అని చూస్తున్నారా లేదా గమనించండి. పెద్ద తేనెటీగలు లేస్తే తాడు మీద వేలాడుతున్న పిల్ల ఎటూ పారిపోలేదు. ఫిబ్రవరిలో నేను రెండు గుండ్లు వదిలేశాను, ఎక్కే దారి పక్కనే పట్టు ఉంది. ఊళ్లో యానాది తాత ఒకాయన ముందే చెప్పాడు, ‘వాటి జోలికి పోవద్దమ్మా, రెండు నెలలాగు’ అని. ఆయన్ని అడగకుండా నేను ఆ పక్క ఏ బ్యాచ్‌కీ తేదీ ఇవ్వను.

హోస్ట్: ఈ ఆదివారం ఉందా బ్యాచ్?

గెస్ట్: ఉంది, 14 మంది, అందులో తొమ్మిది మంది మొదటిసారి. మబ్బు పట్టేలా ఉంది. శనివారం సాయంత్రం 6 గంటలకి వెళ్తున్నామో లేదో అందరికీ మెసేజ్ పెడతాను. నువ్వూ వస్తానన్నావు కదా, ఫోన్ దగ్గర పెట్టుకో.