7 రోజుల గ్లూటెన్ ఫ్రీ లంచ్ కిట్: రొట్టెకి దండం, ఇంగువ దగ్గర గొడవ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ పెట్టె నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్లే ఊరికే పంపారు. వీడియోకి డబ్బులైతే ఇవ్వలేదు, కానీ కింద డిస్కౌంట్ కోడ్ పెట్టమన్నారు. పెట్టానో లేదో చివర్లో చూద్దాం. పెట్టెలో ఏమున్నాయి, బరువెంత, రేటెంత అన్నది పోయిన వారం షార్ట్‌లోనే చూపించాను, మళ్లీ చదవను. కంపెనీ పేరు కనిపించకుండా అప్పుడూ స్టిక్కరే అంటించాను, ఇప్పుడూ స్టిక్కరే.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క నిమిషం. నాకు సీలియాక్ అనే జబ్బు ఉంది. గోధుమల్లో, బార్లీలో, రై అనే ధాన్యంలో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది లోపలికి వెళ్తే నా ఒళ్లే నా చిన్నపేగు మీద యుద్ధానికి దిగుతుంది. ఇది అలర్జీ కాదు, సన్నబడడానికి చేసే డైటింగ్ అసలే కాదు. రెండేళ్లు ఐరన్ మాత్రలు మింగినా నా హిమోగ్లోబిన్ ఎనిమిది దాటలేదు. "ఆడపిల్లలకి మామూలేనమ్మా" అని ఇద్దరు డాక్టర్లు పంపించేశారు. మూడో ఆవిడ టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు, ఆ తర్వాత ఎండోస్కోపీలో పేగు నుంచి చిన్న ముక్క తీసి చూశారు. కామెంట్లలో చాలామంది "అక్కా, నేను కూడా గోధుమ మానేసి చూస్తా" అంటున్నారు. అనుమానం ఉంటే ముందు పరీక్ష చేయించుకోండి, అది అయ్యేదాకా తినేది మానకండి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా రిపోర్ట్ బాగానే ఉన్నట్టు రావచ్చు.

సరే, లంచ్ సంగతికి వద్దాం. మాది కరీంనగర్, ఉద్యోగం మాదాపూర్‌లో. జబ్బు పేరు తెలిసిన రోజు, మనం అన్నం తినేవాళ్లమే కదా, ఇంక టెన్షన్ ఏముంది అనుకున్నాను. వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. ఉప్మా రవ్వ గోధుమే, సేమియా గోధుమే. పెసరట్టు తినొచ్చు, కానీ ఎమ్మెల్యే పెసరట్టు కుదరదు, దాని పొట్టలో ఉప్మా ఉంటుంది కాబట్టి. రవ్వ దోసె వద్దు. పునుగుల్లో మైదా కలిపారో లేదో బండి దగ్గర నిలబడి అడిగితే, ఆయన మనల్ని ఇన్‌కమ్ టాక్స్ వాళ్లని చూసినట్టు చూస్తాడు. రాగి సేమియా అని సంబరంగా కొని వెనక్కి తిప్పి చూస్తే, రాగి కంటే ముందు గోధుమపిండి రాసి ఉంది. ఆ రోజు సూపర్ మార్కెట్‌లో నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఈ కిట్. ఇందులో నా మనసు దోచింది ఇదిగో, ఈ డబ్బా. కడక్ జొన్న రొట్టెలు. కాల్చి ఎండబెట్టిన పల్చటి రొట్టె, అప్పడంలా విరుగుతుంది. షోలాపూర్ వైపు, గుల్బర్గా వైపు ఇవి ఇంటింటా ఉంటాయి. మనకి హైదరాబాద్‌లో సాయంత్రమైతే ప్రతి మలుపులో జొన్న రొట్టెల పొయ్యి కనిపిస్తుంది. కానీ అక్కడ అదే పెనం మీద పుల్కాలూ కాలుస్తారు, అదే పీట మీద గోధుమపిండి చల్లుతారు. కాబట్టి నాకు ఆ వాసనే గతి.

ఇంట్లో చేసుకోవచ్చు కదా అంటారు. చేస్తాను. జొన్నపిండిలో జిగురు లేదు, గోధుమపిండిలా సాగదు. అందుకే మసిలే నీళ్లు పోసి కలుపుతాం, ఆ వేడికి పిండి కొంచెం ఉడికి ముద్ద కడుతుంది. పొయ్యి మీద నుంచి దిగిన రొట్టె వెన్నలా ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి డబ్బాలో పెట్టి ఒంటిగంటకి తీస్తే మాత్రం అట్టముక్క. బట్టలో చుట్టాను, నెయ్యి రాశాను, నీళ్లు చిలకరించి మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు పెట్టాను. మెత్తబడుతుంది, రెండు నిమిషాల్లో మళ్లీ బిర్రబిగుస్తుంది. పైగా ఆఫీసు మైక్రోవేవ్‌లో నాకంటే ముందు ఎవరో పరోటా వేడి చేసి ఉంటారు, ఆ పొడి అంతా పళ్లెం మీదే. మూత పెట్టకుండా నేను అందులో ఏదీ పెట్టను.

ఈ కడక్ రొట్టెకి ఆ బాధలేం లేవు. ముందే గట్టిది, ఇంకేం గట్టిపడుతుంది? మైక్రోవేవ్ అక్కర్లేదు. ఈ డబ్బాకి రబ్బరు బిగింపు ఉన్న మూత ఇచ్చారు. నేను రోజుకి నాలుగుసార్లు తీసి పెట్టినా ఏడో రోజున కూడా, వినండి... ఆ చప్పుడు విన్నారా? అదే కరకర. తినే పద్ధతి కూడా చెప్తా. రొట్టెని నాలుగు ముక్కలు చేసి, గిన్నెలో వేసి, పైన పాలకూర పప్పు పోసి రెండు నిమిషాలు వదిలేయండి. కింద ముక్క నానుతుంది, పై ముక్క కరకరలాడుతుంది. ఇంకో రోజు పల్లీల కారప్పొడిలో పెరుగు కలిపి దాంతో తిన్నాను, పక్కన ఉడకబెట్టిన శనగలు. పొట్ట నిండింది, నాలుగింటిదాకా ఆకలి లేదు. ఒకటే ఇబ్బంది. మీటింగ్‌లో మ్యూట్ చేయడం మర్చిపోయి కొరికాను. మా మేనేజర్ గారు "ఎవరింట్లోనో ఏదో విరిగింది" అన్నారు. నేను కూడా "అవును సార్" అన్నాను.

మిగతావి చకచకా చెప్పేస్తా. కొర్రల ఉప్మా మిక్స్ బాగుంది, వేడినీళ్లు పోసి మూత పెడితే ఎనిమిది నిమిషాల్లో అవుతుంది. ఉప్పు ఎక్కువ. రాగి చిప్స్‌లో రాగి రంగుకే వేశారు, మిగతాదంతా మొక్కజొన్న పిండి, నూనె. వంద గ్రాముల రాగుల్లో మూడొందల యాభై మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుందని ప్యాకెట్ మీద గొప్పగా రాశారు. అది రాగుల లెక్క, ఈ చిప్స్ లెక్క కాదు. కుకీలు సరే. బియ్యప్పిండి, టాపియోకా పిండి, చక్కెర. గోధుమ లేనంత మాత్రాన ఆరోగ్యం అయిపోదు కదా, చక్కెర చక్కెరే. మూడేళ్ల క్రితం నేను మొదటిసారి తెప్పించిన గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్ కంటే మాత్రం వంద రెట్లు నయం. ఆ బ్రెడ్ ముక్క పట్టుకుంటే ఇసుకలా రాలేది. శాండ్‌విచ్ చేసుకుని ఆఫీసుకి తీసుకెళ్తే చెంచాతో తినాల్సి వచ్చింది.

ఇక అసలు గొడవ. ఈ చిన్న పొట్లాలు చూడండి, పులిహోర పొడి, చారు పొడి. నా లంచ్ డబ్బాలో వారానికి రెండుసార్లు పులిహోర ఉండాల్సిందే. పొద్దున కలిపింది మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది, వేడి చేసే పని లేదు. అందుకని ముందు ఇదే చింపబోయాను. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పాను. ధనియాలు, ఎండుమిర్చి, మెంతులు, శనగపప్పు, చివర్లో "కాంపౌండెడ్ ఇంగువ". అంతే. ఆ కాంపౌండ్‌లో ఏముందో ఒక్క ముక్క లేదు.

ఇంగువ దగ్గర ఎందుకింత చాదస్తం అంటారా? అసలు ఇంగువ అంటే అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు పెరిగే ఒక మొక్క వేరు నుంచి కారే పాలు, ఎండితే బంకలా అవుతుంది. మన దేశంలో దాని సాగు 2020లో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొదలుపెట్టారు, అప్పటిదాకా మనం వాడిందంతా బయటి నుంచి దిగుమతి చేసుకున్నదే. ఆ బంక ఘాటు అలాగే వాడితే తట్టుకోలేం. అందుకని తుమ్మబంక లాంటిదీ, పిండీ కలిపి పలచన చేసి అమ్ముతారు. మన వంటింట్లో ఉండే డబ్బా అదే. ఆ పిండి చాలావాటిలో గోధుమపిండే. కొన్నిట్లో బియ్యప్పిండి ఉంటుంది. ఇప్పుడే లేచి మీ ఇంట్లో డబ్బా చూసి రండి, నేను ఇక్కడే ఉంటా.

నాకు ఇది తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. గోధుమ మానేశా, మైదా మానేశా, బేకరీ వైపు చూడడం మానేశా, అయినా టీటీజీ దిగట్లేదు. డైటీషియన్ "రోజూ తినేవి చెప్పండి" అంటే పప్పు, చారు, పులిహోర, దద్దోజనం అని చెప్పాను. ఆవిడ ఒకటే అడిగారు: "ఇంగువ ఏది వాడతారు?" ఇంటికొచ్చి చూస్తే పోపులపెట్టె పక్కనే ఉంది దొంగ. అమ్మకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా చేత్తో నేనే ఏసిన గద బిడ్డా" అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఈ విషయంలో నాకు ఓపిక ఉండదు.

చిటికెడుకే ఇంత రాద్ధాంతమా అంటారేమో. మన దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్క ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదు. 20 మిల్లీగ్రాములంటే దాదాపు ఒక బియ్యపు గింజ బరువు. అంటే కిలోకి ఒక్క గింజంత. అందుకే గిర్నిలో నాకంటే ముందు ఎవరు గోధుమలు పట్టించుకున్నారో అన్నది కూడా నాకు భయమే. జొన్నలు ఇంట్లో చిన్న పిండి మరలోనే పట్టుకుంటాను, కందిపప్పులో గోధుమ గింజలేమైనా ఉన్నాయేమోనని పళ్లెంలో పోసి ఏరుకుంటాను.

కంపెనీకి మెయిల్ పెట్టాను, "మీ ఇంగువలో ఏ పిండి?" అని. మొదటి జవాబు: "మా ఉత్పత్తులన్నీ సహజమైనవి." రెండోసారి అడిగాను. "మీ సందేశానికి ధన్యవాదాలు." మూడోసారి రాస్తే పన్నెండో రోజున జవాబొచ్చింది, బియ్యప్పిండి అని, ల్యాబ్ రిపోర్ట్ కూడా పంపారు. రిపోర్ట్ బాగానే ఉంది, 20 లోపే. హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. బియ్యప్పిండే అయితే ఆ మాట పొట్లం మీద వేయడానికేం? ఇది ఎవరికోసం అమ్ముతున్నారు? నాలాంటి వాళ్లకే కదా. పొట్లం వెనక ఖాళీ ఎంతుందో చూడండి, ఈ చివర ధ్యానం చేస్తున్న అమ్మాయి బొమ్మ వేశారు. ఆ బొమ్మ కాలు కొంచెం ముడిస్తే పట్టే మాట అది. ఆ పన్నెండు రోజులూ పొట్లాలు డ్రాయర్‌లోనే ఉన్నాయి. తర్వాత పులిహోర కలిపాను, రుచి బాగుంది. తింటున్నంతసేపూ కోపం పోలేదు.

స్నాక్స్ విషయంలో నన్నడిగితే ఈ కిట్ జోలికే పోనక్కర్లేదు. మా కరీంనగర్ వాళ్లకి సర్వపిండి ఉంది. కొందరు గిన్నప్ప అంటారు, తపాలా చెక్క అని కూడా అంటారు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లికాడలు. ముద్ద చేసి నూనె రాసిన గిన్నెకి లోపల ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నమంట. ఇంగువ అవసరమే లేదు. రాత్రి చేసిపెడితే పొద్దున డబ్బాలో పెట్టుకుపోవచ్చు, చల్లారినా తినొచ్చు. సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని కేకు, సమోసాలు వస్తాయి. "ఒక్క ముక్కకి ఏమవుతుంది" అనేవాళ్లు ఎలాగూ ఉంటారు. అప్పుడు నేను సర్వపిండి డబ్బా తీస్తే కేకు వదిలేసి నా చుట్టూ చేరతారు. చివరికి నాకే మిగలదు.

డ్రాయర్‌లో ఎప్పుడూ ఉండేవి వేయించిన పల్లీలు, పుట్నాలు, నువ్వుల లడ్డూలు. తొలి ఏకాదశికి చేసే పేలాల పిండి కూడా మర్చిపోకండి. జొన్నపేలాలు, బెల్లం, కొంచెం యాలకుల పొడి. పండక్కే ఎందుకు, నేను నెలకోసారి చేసి సీసాలో పోసి ఆఫీసులో పెట్టుకుంటా. సంక్రాంతికి అమ్మ పంపే సకినాలు కూడా బియ్యప్పిండి, నువ్వులు, వామే. బయట కొనేటప్పుడు మాత్రం అదే నూనెలో ఇంకేం వేయించారో అడగాలి.

ఇక తీర్పు. మార్కులు వేయమంటే రుచికి వేస్తాను, రొట్టెకి పదికి పది. ఆ రొట్టె డబ్బా విడిగా అమ్మితే నెలకి రెండు నా డబ్బుతో నేనే కొంటా, ఈ మాట వాళ్లకీ చెప్పాను. మొత్తం కిట్ కొనమని మాత్రం చెప్పను. ఒక పొట్లం తినడానికి మూడు మెయిళ్లు రాయాల్సి వస్తే అది ఆఫీసు లంచ్ కాదు, ఆఫీసు పనే.

కోడ్ సంగతి అంటారా, ఇప్పుడైతే పెట్టట్లేదు. పొట్లం మీద "ఇంగువ, బియ్యప్పిండితో" అని అచ్చు వేసిన ఫోటో పంపమన్నాను. వచ్చిన రోజు ఈ స్టిక్కర్ మీ ముందే పీకేస్తా, కోడ్ కూడా పెడతా. మీ ఇంట్లో ఇంగువ డబ్బా మీద ఏ పిండి ఉందో కామెంట్లో రాయండి. నాకు ఒంటిగంట మీటింగ్ ఉంది, ఈసారి ముందు మ్యూట్ నొక్కి తర్వాత రొట్టె విరుస్తా.